డబ్బు ఎవరిది, కుర్చీ ఎవరిది: డోర్నకల్ బిషప్ అజరయ్య

దంతెవాడలో గానీ, బస్తర్‌లో మరే మూల గానీ క్రైస్తవ సంస్థల మాట వస్తే వాదన మతం దగ్గర మొదలై చివరికి రెండు ప్రశ్నల దగ్గరికి చేరుతుంది. డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? పెత్తనం ఎవరి చేతిలో ఉంది? మొదటి ప్రశ్నను ప్రభుత్వం గట్టిగానే పట్టుకుంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020లో ఇంకా బిగించారు. బయటి డబ్బంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. కార్యాలయ ఖర్చు 50 శాతం దాకా ఉండవచ్చన్న నిబంధన 20 శాతానికి దిగింది. ఒక సంస్థ తనకొచ్చిన విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. రెండో ప్రశ్న మాత్రం అంతగా ఎవరికీ పట్టదు. బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు తీసుకునేది ఎవరు, ఆ నిర్ణయాలు ఎవరి బతుకు మీద పడతాయో వాళ్లకు ఆ బల్ల దగ్గర చోటుందా అన్నది ఏ ఆడిట్‌లోనూ తేలే విషయం కాదు.

దంతెవాడ నుంచి నైరుతి దిక్కుగా గీత గీస్తే సుమారు 200 కిలోమీటర్ల దూరంలో డోర్నకల్ జంక్షన్ తగులుతుంది. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. వందేళ్ల కిందట నిజాం రాజ్యంలో అడవి అంచున ఉన్న రైల్వే ఊరు. ఈ రెండో ప్రశ్నను జీవితాంతం వెంటాడిన మనిషి ఆ ఊళ్లోనే బతికి, అక్కడే కన్నుమూశారు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తెలుగువాడు కాదు. ఆ సంగతి ఈ కథలో చివరిదాకా అడ్డుతగులుతూనే ఉంటుంది.

1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి గురువు, హిందూ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాడు. కులం నాడార్. తాటిచెట్లెక్కి పొట్టపోసుకునే కులంగా, గుడి గడప తొక్కనివ్వని కులంగా ఆ కాలంలో దక్షిణాది వాళ్లకు తెలుసు. తండ్రి త్వరగా పోయారు. తల్లి ఎలెన్ క్రమశిక్షణలో పెరిగి, మిషన్ బళ్లలో చదివి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ దాకా వెళ్లారు గానీ డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వైఎంసీఏలో కార్యదర్శిగా చేరారు. మూడేళ్లకు అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లాడినప్పుడు కట్నం వద్దన్నారు. ఆ ప్రాంతపు క్రైస్తవుల్లో అప్పటికి అది వింతే. కాలేజీ చదువు చదివిన ఆమె తర్వాత డోర్నకల్‌లో ఆడవాళ్ల మధ్య చేసిన పని భర్త పనికి తీసిపోదు.

వైఎంసీఏ ఉద్యోగంలో ఆయనకు లోపలి సంగతులు తెలిశాయి. దక్షిణ భారతమంతా రైలెక్కి తిరిగారు. ఆ సంస్థకు డబ్బు అమెరికా నుంచి వచ్చేది. అమెరికా నుంచి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ ఆయనకు ప్రాణస్నేహితుడయ్యాడు. అంతటి స్నేహం ఉన్నా, జీతగాడెవరో యజమాని ఎవరో అందరికీ తెలుస్తూనే ఉండేది. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులను సముద్రం ఇవతలి ఒడ్డుకు పంపి పనిచేయిస్తున్నారని చూశారు. తిరునల్వేలి అంతకంటే పెద్ద సంఘం, పాత సంఘం. తరతరాలుగా తెల్లవాళ్ల సంస్థల నుంచి తీసుకోవడమే తప్ప ఎవరికీ ఇచ్చింది లేదు. ఆ సిగ్గు ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

1903 ఫిబ్రవరి 12న ఇండియన్ మిషనరీ సొసైటీ ఆఫ్ టిన్నెవెల్లి పుట్టింది. దాని నియమం సూటిగా ఉంది. పనిచేసే మనుషులు, ఖర్చుపెట్టే డబ్బు, నడిపించే కమిటీ మూడూ ఈ దేశానివే కావాలి. 1905 డిసెంబరు 25న శ్రీరాంపూర్‌లో, ఒకప్పుడు విలియం కేరీ పనిచేసిన చోట, అదే నియమం మీద నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. అన్ని రాష్ట్రాల, అన్ని శాఖల క్రైస్తవులకూ అందులో చోటుంది. అజరయ్యే దాని తొలి కార్యదర్శి. బెంగాల్ విభజన మీద స్వదేశీ ఉద్యమం రాజుకుంటున్న సంవత్సరమది. బట్టల విషయంలో జనం అంటున్న మాటనే ఆయన చర్చి విషయంలో అన్నారు. స్వదేశీ ఉద్యమ చరిత్రల్లో ఈ ముక్క కనిపించదు. క్రైస్తవులు ఆ కథలో ఉండరన్న అలవాటు మనకు అంతగా పాతుకుపోయింది.

ఆ నియమం ఎంత కొత్తదో తెలియాలంటే అప్పటి తీరు తెలియాలి. నెల్లూరులో మొదలై తర్వాత ఒంగోలుకు పాకిన అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌నే చూడండి. ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ అని దాన్ని మూసేయాలా వద్దా అని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు చర్చకు పెట్టారు. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలో అది ఎలాగో బతికి బయటపడింది. పాతికేళ్లు తిరిగేసరికి, ధాత కరువు వెనకాలే, 1878 జూలై 3న అదే మిషన్‌లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. మూసేయాలన్నవాళ్ల లెక్క తప్పింది, ఉంచాలన్నవాళ్ల లెక్క నిలిచింది. ఆ ఓటింగులో తెలుగు నేల మీద పుట్టినవాడు ఒక్కడూ లేడు. దాతృత్వ సంస్థ అంటే అదే పద్ధతి. దూరదేశంలోని పెద్దమనుషులు జాలిపడతారు, చందాలు వేస్తారు, నిర్ణయిస్తారు. ఇక్కడివాళ్లు పుచ్చుకుంటారు.

తిరునల్వేలి సొసైటీ తన పనికి నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. 1904లో శామ్యూల్ పాకియనాథన్ తొలి మిషనరీగా వెళ్లాడు. చుట్టూ అడవి, పులులు, చలిజ్వరం. ఊళ్లలో దొరల వెట్టి. మిషనరీలు వెళ్లింది మాల, మాదిగ వాడలకు. ఇక్కడొక చిక్కుంది. మానుకోట పక్క పల్లెలో వెట్టిచేసే మాదిగ మనిషికి లండన్ ఎంత దూరమో తిరునల్వేలీ దాదాపు అంత దూరమే. వచ్చినవాడు నల్లగానే ఉన్నాడు, అన్నమే తింటున్నాడు, కానీ తెలుగు రాదు. అతని జీతం ఎక్కడో దక్షిణాన ఉన్న కమిటీ పంపుతోంది, చేసిన పనికి అతను ఆ కమిటీకే లెక్క చెప్పాలి. పరాయి డబ్బు, పరాయి పెత్తనం అన్న సమస్యను తప్పించుకోవడానికి పుట్టిన సొసైటీ తెలుగు నేల మీద తానే పరాయిదైంది. అజరయ్య దీన్ని గుర్తించారనడానికి ఆయన తర్వాత చేసిన పనే సాక్ష్యం. 1909లో వైఎంసీఏ పదవి వదిలి, గురువుగా అభిషేకం పొంది, డోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. అప్పటికి 35 ఏళ్లు. ఊరూరా తిరిగే కార్యదర్శి ఒక మారుమూల మిషన్‌లో కూర్చోవడాన్ని చాలామంది తగ్గడమనే అనుకుని ఉంటారు.

మరుసటి ఏడు, 1910 జూన్‌లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు. ప్రపంచమంతటా మిషన్‌లను నడిపే సొసైటీల పెద్దలు, కార్యదర్శులు, బిషప్పులు అక్కడున్నారు. అంతమందిలో ఆసియా మనుషులు ఇరవైకి మించరు. విదేశీ, స్వదేశీ పనివాళ్ల మధ్య సహకారం గురించి మాట్లాడమని అజరయ్యను వేదిక మీదికి పిలిచారు. మర్యాదగా కృతజ్ఞతలు చెప్పి దిగిపోతారని అనుకున్నవాళ్లకు ఆ సాయంత్రం మింగుడుపడలేదు.

మిషనరీల త్యాగాన్ని ఆయన కాదనలేదు. ఉన్నదంతా ఇచ్చారని ఒప్పుకున్నారు. ఇవ్వనిది ఒక్కటే, స్నేహం అన్నారు. ఏళ్ల తరబడి పక్కపక్కనే పనిచేసిన భారతీయ గురువును ఒక్కపూట కూడా భోజనానికి పిలవని మిషనరీలున్నారని, కరచాలనానికి కూడా వెనకాడేవాళ్లున్నారని చెప్పారు. సంబంధం యజమానికీ జీతగాడికీ మధ్య ఉన్నట్టే ఉన్నంతకాలం సహకారం అన్న మాటకు అర్థం లేదన్నారు. జీతం ఇచ్చేవాడి చేతిలో అధికారమంతా ఉంటే, పుచ్చుకునేవాడికి బాధ్యత ఎప్పటికి వస్తుందని ఆయన ప్రశ్న. సభలో కొందరు గతుక్కుమన్నారు, కొందరికి కోపం వచ్చింది. ఈ మాట పైకి అనాల్సిందేనని కొందరు సంతోషించారు కూడా. ఆ సభ తీర్మానాలు చాలావరకు మరుగునపడ్డాయి. అజరయ్య ప్రసంగాన్ని మాత్రం చర్చి చరిత్రకారులు ఇప్పటికీ తవ్వి చదువుతున్నారు.

దాని తర్వాతి రెండేళ్లలో జరిగింది ఇంకా పెద్ద సంగతి. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ (తత్వవేత్త ఆల్ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్‌కు అన్న) అజరయ్యను బిషప్‌ను చేయాలని పట్టుబట్టారు. అడ్డంకులు చాలా వచ్చాయి. తెల్లవాళ్లు భారతీయుడి కింద ఎలా పనిచేస్తారన్నది మొదటిది, దాన్ని పైకి ఎక్కువమంది అనలేదు. అనుభవం చాలదన్నారు, తొందరపాటన్నారు. నాడార్ మనిషికి ఆ పదవా అని లోలోపల గొణిగిన భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. చివరికి దారి దొరికింది. నిజాం రాజ్యంలో చిన్న ముక్కను డోర్నకల్ డయోసిస్‌గా విడదీసి, ఆయన్ని దానికి అధిపతిని చేసి, మద్రాసు బిషప్‌కు సహాయకుడిగా కూడా పెట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అభిషేకం. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే.

ఏర్పాటును బాగా చూస్తే అందులోని జాగ్రత్త తెలుస్తుంది. ఇచ్చిన ముక్కలో తెల్లవాళ్లు లేనట్టే లెక్క. అంటే కుర్చీ ఇచ్చారు గానీ దాని కింద ఎవరుండాలో కూడా ముందే చూసుకున్నారు. అసలు పరీక్ష 1920 తర్వాత వచ్చింది. కృష్ణా మండలంలో చర్చ్ మిషనరీ సొసైటీ నడుపుతున్న ప్రాంతాలు, రాయలసీమ వైపు ఎస్పీజీ ప్రాంతాలు డోర్నకల్‌లో కలిశాయి. బందరులో 1843లో రాబర్ట్ నోబుల్ బడి పెట్టినప్పటి నుంచి ఇంగ్లిషువాళ్లు పాతుకున్న చోటు అది. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం కూడా ఇటే వచ్చింది. ఆనకట్ట పనుల మీద వచ్చిన ఇంజనీరు హేగ్ పూనికతో కోయల మధ్య మొదలైన పాత మిషన్ అది. దానికి అవతల బస్తర్ అడవి, అడవి వెనక దంతేశ్వరి గుడి. ఇప్పుడు ఇంగ్లిషు మిషనరీలు కూడా అజరయ్య చేతికిందికి వచ్చారు. ఎవరిని ఎక్కడ పెట్టాలో, ఎవరికి గురుపట్టం ఇవ్వాలో ఆయన చెప్పాలి, వాళ్లు వినాలి. చాలామంది విన్నారు. కొద్దిమందితో ఇబ్బందులు వచ్చాయి. డబ్బు తాడు మాత్రం ఇంకా లండన్‌లోని సొసైటీల చేతిలోనే ఉంది. జిల్లాలతో పాటు గ్రాంట్లూ వచ్చాయి, గ్రాంట్లతో పాటు కమిటీల సలహాలూ వచ్చాయి.

ఈ తాడును తెంచడానికి ఆయన పట్టుకున్న ఆయుధం చాలా చిన్నది. గుప్పెడు బియ్యం. ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఇల్లాలు ఒక గుప్పెడు తీసి విడిగా కుండలో వేయాలి. వారానికోసారి అది గుడికి చేరాలి. పంట పండుగ నాడు జొన్నలు, మిరపకాయలు, గుమ్మడికాయలు, కోళ్లు, మేకపిల్లలు తెచ్చి ముందు పెట్టాలి. వాటిని అక్కడే వేలం వేస్తే వచ్చిన డబ్బుతో ఆ ఊరి గురువుకు జీతం. కూలికి పోతే తప్ప పూట గడవని వాళ్ల దగ్గర అడగడం న్యాయమేనా అని విదేశీ మిత్రులకే అనుమానం వచ్చింది. బీదవాడు ఇవ్వలేడని అనుకోవడమే అతన్ని తక్కువ చేయడమని అజరయ్య వాదం. ఇవ్వనివాడు అడగడానికి కూడా జంకుతాడని ఆయన నమ్మకం. క్రైస్తవ దానధర్మం మీద ఒక చిన్న పుస్తకమే రాశారు. 1929 తర్వాత ఆర్థిక మాంద్యంలో ఇంగ్లండు సొసైటీలు గ్రాంట్లు కోసుకుంటూ వచ్చినప్పుడు ఆ కుండల విలువ అందరికీ తెలిసింది. అయినా డయోసిస్ పూర్తిగా తన కాళ్ల మీద నిలబడిందనడం అబద్ధమవుతుంది. బళ్లకు, ఆసుపత్రులకు బయటి డబ్బు కావలసే వచ్చింది.

పనివాళ్లను మాత్రం ఇక్కడే తయారుచేసుకున్నారు. ఆయన కాలం ముగిసేసరికి వందకు మించి భారతీయ గురువులు, సుమారు రెండు వేల మంది ఊరి ఉపాధ్యాయులు, రెండు లక్షలకు పైగా సభ్యులు. గురువుల్లో ఎక్కువమంది మాల, మాదిగ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. వెట్టిచేసిన తండ్రి కొడుకు సభకు అధ్యక్షత వహించి, లెక్కలు రాసి, బిషప్ ముందు నిలబడి మాట్లాడటం ఆ జిల్లాల్లో అంతకుముందు ఎవరూ చూడని దృశ్యం. బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడూ జీతం లేకుండానే తన విశ్వాసాన్ని పక్కవాడికి చెప్పాలని అక్కడే ప్రమాణం చేయించేవారు. దీనివల్ల పని జీతగాళ్ల చేతిలోంచి ఊరి చేతిలోకి వెళ్లింది. బండెక్కి, నడిచి, గుడారాల్లో పడుకుని ఏడాదిలో చాలా నెలలు ఆయన పల్లెల్లోనే ఉండేవారు.

లోపాలు లేవా? ఉన్నాయి. చర్చి లోపల మాల, మాదిగ తేడా పోలేదు. ఒకే పాత్రలో తాగాలని, ఒకే హాస్టల్లో ఉండాలని ఆయన పట్టుబట్టినా, తమకు అన్యాయం జరుగుతోందన్న మాదిగల ఫిర్యాదు ఆగలేదు. స్వయంపాలన గురించి అంత మాట్లాడిన మనిషి తన డయోసిస్‌లో చెప్పిందే వేదంగా నడిపారన్న మాటా ఉంది. ఆరాధనలో తెలుగు కీర్తనలు, కోలాటాలు పెట్టిన చేతులతోనే ఇంగ్లండు ప్రార్థనా గ్రంథాన్నీ అంతే గట్టిగా పట్టుకున్నారు. ఆడవాళ్లకు పని దొరికింది గానీ బల్ల దగ్గర కుర్చీ దొరకలేదు.

బయట ఇంకో పోరు. 1930ల్లో దళితులు పెద్దసంఖ్యలో క్రైస్తవంలోకి రావడాన్ని గాంధీ తన హరిజన్ పత్రికలో గట్టిగా తప్పుబట్టారు. తిండికి, చదువుకు ఆశపడి వస్తున్నారని ఆయన ఆరోపణ. అజరయ్య దీన్ని ఒప్పుకోలేదు. దళితుడికి సొంతంగా ఆలోచించి నిర్ణయించుకునే శక్తి లేదనడం కిందే దాన్ని జమకట్టారు. ఎడిన్‌బరోలో మిషనరీలతో ఏ విషయం మీద తగాదా పడ్డారో ఇక్కడ గాంధీతోనూ అదే విషయం మీద పడ్డారు. నిర్ణయం ఎవరిదన్నదే విషయం. చిత్రమేమిటంటే, 1932లో బ్రిటిష్ ప్రభుత్వం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు వద్దన్నవాళ్లలో అజరయ్య ముందున్నారు. క్రైస్తవం పౌరుల్ని విడదీసే గోడ కాకూడదన్నది ఆయన పట్టు. ఈ రెండూ కలిపి చూడనివాళ్లు ఆయన్ని ఒకసారి సామ్రాజ్యపు మనిషి అంటారు, ఇంకోసారి జాతీయవాది అంటారు.

చర్చి పాలన వ్యవస్థ కూడా ఈలోగా మారింది. 1930లో భారతదేశపు ఆంగ్లికన్ చర్చి ఇంగ్లండు చర్చి నుంచి విడిపోయి సొంత నియమావళి కింద నడవసాగింది. అంతకుముందే, 1919 మేలో తరంగంబాడిలో సమావేశమైన 33 మంది, దాదాపు అందరూ భారతీయులే, పశ్చిమ దేశాల్లో పుట్టిన చీలికలను ఇక్కడ మోయాల్సిన పని తమకు లేదని ప్రకటన చేశారు. దాన్ని నడిపించినవాళ్లలో అజరయ్య ముఖ్యుడు. ఆ చర్చలు పాతికేళ్లకు పైగా సాగాయి. 1929 నుంచి జాతీయ క్రైస్తవ మండలికి కూడా ఆయనే అధ్యక్షులు.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. డబ్బు పోగైనప్పుడు లేచి, అయిపోయినప్పుడు ఆగి, దాదాపు పాతికేళ్లు పట్టింది. మసీదుల్ని తలపించే గుమ్మటాలు, మినార్లు, గుడి మండపంలాంటి స్తంభాలు. రైలు దిగి తొలిసారి చూసినవాళ్లు అది ఏ మతం కట్టడమో పోల్చుకోలేక కాసేపు నిలబడిపోతారు.

1945 జనవరి 1న అజరయ్య డోర్నకల్‌లోనే పోయారు. రెండేళ్ల తొమ్మిది నెలల తర్వాత, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ భారత సంఘం ఏర్పడింది. ఆయన దాన్ని చూడలేదు. 1912 నుంచి 1945 దాకా, 32 ఏళ్లపాటు, ఈ దేశంలో ఒక ఆంగ్లికన్ డయోసిస్‌కు అధిపతిగా ఉన్న భారతీయుడు ఆయనొక్కరే. సహాయక బిషప్పులుగా కొందరిని పెట్టారు గానీ మరో భారతీయుడికి డయోసిస్ ఇవ్వలేదు. ఆయన తర్వాత డోర్నకల్ కుర్చీలో కూర్చున్నది ఆంథొనీ ఎలియట్, ఐర్లండ్ మనిషి, అంతకుముందు పదేళ్లు అజరయ్య చేతికింద సహాయక బిషప్‌గా పనిచేసినవాడు. ఎలియట్ తర్వాతే ఆ కుర్చీ పెరెజి సాలొమోన్‌కు వచ్చింది.